పేరున్న బిందె

ఏ తెలుగింట్లోనైనా వంటింటి అలమర తీసి, చేతికందిన స్టీలు గిన్నె తిరగేసి చూడండి. దాని మీద ఆ ఇంటివాళ్ళ పేరే ఉంటుందని చెప్పలేం. మేనత్త పేరుంటుంది. అద్దెకున్న రోజుల్లో పక్కవాటాలో ఉన్నావిడ పేరుంటుంది. ఎవరిదో గృహప్రవేశం తేదీ, ఎవరిదో షష్టిపూర్తి, ఎవరో కొత్త దంపతుల పేర్లు పక్కపక్కన ఉంటాయి. మా ఇంట్లో పప్పు గిన్నె మీదున్న ఆలుమగలెవరో మా అమ్మకి కూడా తెలియదు. ఏ పెళ్ళిలో, ఏ వంటశాలలో తారుమారై వచ్చిందో! అయినా రోజూ మధ్యాహ్నం మా కంచాల దగ్గరికి ముందు వచ్చేది వాళ్ళే.

పాత్రల కొట్లో తూకం వేసి, బిల్లు రాసి, కొట్టాయన అడిగే ఆఖరి మాట ఒకటే: "పేరు కొట్టించాలాండీ?" కావాలంటే చీటీ మీద రాసిస్తాం. ఇంటిపేరు పొడి అక్షరం, పేరు, తేదీ. మూల స్టూలు మీద కూచున్న కుర్రాడు గిన్నెని ఒళ్ళో బోర్లించుకుని, కరెంటు మిషను గుర్రుమనిపిస్తూ నిమిషంలో రాసేస్తాడు. అందరిళ్ళలోనూ ఇత్తడీ, కంచూ, రాగీ ఉన్న రోజుల్లో ఈ పని ఇంత తేలిగ్గా అయ్యేది కాదు. కంచరి మనిషి సన్నని ఉలీ, చిన్న సుత్తీ పట్టుకుని చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోయేవాడు. తలకట్లు, గుడులు, కొమ్ములు అన్నీ చుక్కలతోనే. వేలితో తడిమితే ఇసక తగిలినట్టు తగిలేవి ఆ అక్షరాలు. చదువు రానివాళ్ళు కూడా తడిమి చూసి తమ గిన్నె ఏదో చెప్పేవాళ్ళు.

పేరు కొట్టించడం దొంగల భయంతోనని కొందరంటారు. నేనొప్పుకోను. గడప దాటని గిన్నెకి పేరెందుకు? అది పదిళ్ళు తిరగాలి, తిరిగి ఇంటికి రావాలి, అందుకే పేరు. సామాను అద్దెకిచ్చే కంపెనీలు లేని కాలంలో పల్లెలో పెళ్ళంటే ఊళ్ళో గంగాళాలూ, గుండిగలూ అన్నీ పెళ్ళివారింటికే చేరేవి. మర్నాడు పెరట్లో, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమి బోర్లించిన సామాను ముందు పీట వేసుకుని, చదువొచ్చిన పిల్ల ఒకతి పేర్లు చదువుతుంటే, ఎవరివి వాళ్ళ గడపకి చేర్చేవాళ్ళు. అలాగే పక్కింటి నుంచి గిన్నెలో కూరొస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. ఇంత పంచదారో, రెండు అరిసెలో, ఏమీ లేకపోతే పెరట్లో కాసిన దొండకాయలో వేసి పంపుతారు. వాళ్ళూ మళ్ళీ అంతే. అలా రెండిళ్ళ మధ్య ఒకే గిన్నె ఏళ్ళ తరబడి తిరుగుతుంది. మాటలు లేనప్పుడు కూడా తిరుగుతుంది. గట్టు తగాదాతో మగవాళ్ళు కోర్టు వాయిదాలకి తిరుగుతున్న రోజుల్లోనే, ఆ రెండిళ్ళ ఆడవాళ్ళు పిల్లల చేతికిచ్చి పెరటి దారిన కూర గిన్నె పంపుకోవడం నేను కళ్ళారా చూశాను.

1970ల తర్వాత స్టీలు ఊళ్ళ మీద పడింది. పాత ఇత్తడి తీసుకుని స్టీలు సామాను ఇస్తామంటూ వీధుల్లో కేకలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు అటకల మీద ఉన్నవన్నీ దింపి ఇచ్చేశారు. వాళ్ళని నేనేమీ అనలేను. చింతపండు పెట్టి తోమి తోమి వేళ్ళు పగిలినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. ఆ ఇత్తడంతా తిరిగి కొలుముల్లోకి వెళ్ళింది. తణుకు దగ్గర అజ్జరం లాంటి ఇత్తడి పనివాళ్ళ ఊళ్ళకు చేరి, కరిగి, కొత్త సరుకయింది. దాంతోపాటు ఉలి చుక్కల పేర్లూ కరిగిపోయాయి.

మా అమ్మమ్మ కూడా ఇచ్చేసింది, పుట్టింటి సారెగా తెచ్చుకున్న గంగాళంతో సహా. ఒక్క బిందె మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. అది ఆవిడది కాదు.

అమ్మమ్మ వాళ్ళది దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేదాకా, ఆ పాయల నడుమ ఉన్న నేల. 1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. చేలల్లో వరి కోతకొచ్చి ఉంది. ఆ రోజు తుఫాను గాలి సముద్రాన్ని నెట్టుకుంటూ వచ్చింది. ఐదు మీటర్ల ఎత్తున లేచిన నీరు మైళ్ళ కొద్దీ లోపలికి దూసుకొచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు తీరం వెంబడి, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10,000 మంది. అంతకంటే చాలా ఎక్కువేనని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. ఎవరు ఎవరో గుర్తుపట్టే వీలు లేక శవాలను కుప్పలుగా దహనం చేశారు. ఆచూకీ తెలియనివాళ్ళు ఎందరో. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటివాళ్ళు జోలె పట్టి రాష్ట్రమంతా విరాళాలు అడిగిన విషాదం అది. అవనిగడ్డ దగ్గర స్మారక స్తూపం కట్టారు. ఆ తేదీ వస్తే దివిసీమలో పెద్దవాళ్ళ గొంతు ఈనాటికీ మారుతుంది.

ఉప్పెన నీరు అమ్మమ్మ ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగింది. మూడో రోజో, నాలుగో రోజో తాతయ్య పొలం చూసుకోడానికి వెళ్ళాడు. పంటకాలవ తూము పక్కన బురదలో ఒక ఇత్తడి బిందె పడుంది. చుట్టూ ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చిన సామాను. ఒక తలుపు రెక్క, తాళ్ళు తెగిన ఉట్టి, పశువుల కళేబరాలు. బిందె కొత్తదే, ఇంకా మెరుగు తగ్గలేదు. ఒకపక్క అరచేయంత సొట్ట. మెడకి కిందగా, గుండ్రంగా వంపు తిరిగే చోట, ఉలి చుక్కలతో కొట్టిన ఆడపేరు, దాని ముందు ఇంటిపేరు పొడి అక్షరం. ఆ పేరు ఇక్కడ రాయను.

"సారె బిందె అయ్యుంటుంది. ఎవరి తల్లి ఎంత ఆశపడి కొట్టించిందో" అంది అమ్మమ్మ. బురద కడిగి, తుడిచి, దేవుడి గూటి కింద పెట్టింది. ఒక్కనాడూ దాంతో నీళ్ళు పట్టలేదు. పరాయివాళ్ళ పాత్ర ఖాళీగా ఉంచకూడదని అడుగున గుప్పెడు బియ్యం పోసింది. సంక్రాంతి వచ్చినప్పుడల్లా ఆ బియ్యం తీసి కొత్తవి పోసేది. కంచరి ఆయన వచ్చినప్పుడు, సొట్ట తీసేస్తే కొత్త బిందెలా ఉంటుందన్నాడు. అమ్మమ్మ వద్దంది. "వాళ్ళ వస్తువు నాకెలా దొరికిందో అలాగే అప్పజెప్పాలి. ఈ సొట్ట చూస్తే వాళ్ళకే ఏదైనా గుర్తుకొస్తుందేమో" అంది. పేరు చుక్కల్లో మడ్డి పట్టకుండా చీపురుపుల్లతో గీకి శుభ్రం చేసేది. పొద్దు వాలే వేళ వసారాలో కూచుని ఆవిడ ఆ పని చేస్తుంటే చిన్నప్పుడు పక్కనే కూచుని చూసేవాణ్ణి. ఒక్కో అక్షరం దగ్గర ఆగేది. చుక్కలో పేరుకున్న పచ్చని చిలుము పూర్తిగా వచ్చేదాకా పుల్ల తిప్పేది.

వెతకడం మాత్రం ఆపలేదు. కోతలకి వచ్చే కూలీలు, తీరం నుంచి గంపల్లో ఎండుచేపలు తెచ్చే ఆడవాళ్ళు, మోపిదేవి గుడిలో కలిసిన యాత్రికులు, బస్సులో పక్క సీటు మనిషి, ఎవరైనా సరే. "మీ వైపు ఈ పేరుగలావిడ ఎవరైనా ఉందా అమ్మా? ఉప్పెనప్పటి సంగతి" అనేది. ఏం సంగతని అడిగితే పేరు తప్ప ఇంకో మాట చెప్పేది కాదు. బిందె సంగతి చెబితే ఎవరో ఒకరు మాదేనంటారు, అసలువాళ్ళకి అన్యాయం జరుగుతుందని ఆవిడ భయం. మామయ్య ఆ వైపు బడుల్లో పంతులుగా చేసినన్నాళ్ళూ ఓటర్ల జాబితాలు చూశాడు. ఆ పేరూ, ఆ పొడి అక్షరమూ కలిసిన మనిషి ఏ ఊళ్ళోనూ తేలలేదు.

మనిషి దొరకలేదు గానీ మనుషులు దొరికారు. అడిగిన ప్రతివాళ్ళూ ఆ పేరు తెలియదని చెప్పి ఊరుకోలేదు. వాళ్ళ ఉప్పెన వాళ్ళు చెప్పుకున్నారు. పైపంచెతో తాడిచెట్టుకి కట్టుకుని రాత్రంతా నిలబడ్డ ముసలాయన, గడ్డివాము ఎక్కి వాముతోపాటే కొట్టుకొచ్చిన అన్నదమ్ములు, గంపెడు బంధువుల్లో తానొక్కతే మిగిలిన ఎండుచేపలావిడ. ఆవిడైతే మా అమ్మమ్మకి చెల్లెలి వరసే అయిపోయింది. వచ్చినప్పుడల్లా భోంచేసి, కాసేపు నడుం వాల్చి వెళ్ళేది. మా అమ్మ పెళ్ళికి కొయ్యింగలు తెచ్చి ఇచ్చింది. సముద్రం ఎన్నడూ చూడని మా అమ్మమ్మకి తీరం పొడవునా చుట్టాలయ్యారు. నాగాయలంక నుంచి వచ్చే బస్సు ఆగితే మా ఇంటికి ఎవరో ఒకరు దిగేవాళ్ళు. ఒక వస్తువు మనుషుల్ని కలుపుతుందని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ వసారాలో పరిచిన చాపే.

2000 దాటి కొన్నేళ్ళయ్యాక, మినుము తీతల రోజుల్లో నేనక్కడ ఉన్నాను. పెద్దమామయ్య కూతురు పురిటికొచ్చి ఉంది. మధ్యాహ్నం అరుగు మీద కూచుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. కూలి ముఠాలోంచి ఒకామె మంచినీళ్ళకని వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర, తలకి గుడ్డ, చేతుల నిండా మినప దుమ్ము. అమ్మమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగింది. చెంబు కింద పెట్టింది గానీ కదల్లేదు. మా మామయ్య కూతురి వైపే చూస్తోంది.

"ఈ అమ్మాయి ఎవరండీ?"

"మా పెద్దాడి కూతురమ్మా. పురిటికొచ్చింది."

"సొంత కూతురేనాండీ?"

అదేం ప్రశ్న అన్నట్టు అమ్మమ్మ చూసింది. ఆమె తల దించుకుంది. కాసేపటికి గొంతు పెగల్చుకుని ఆ పేరు చెప్పింది. పొడి అక్షరంతో సహా. "ఆ పేరు గలామె సంగతి మీకు తెలుసంట కదండీ" అంది.

అన్నేళ్ళూ ఆ పేరు పలికింది అమ్మమ్మే. ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. రెండు చేతులూ పట్టేసుకుంది. "నువ్వేనా తల్లీ?"

"నేను కాదండి. నేను దాని తల్లినండి."

"నా తల్లే! ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నానో తెలుసా? ఉండు. ఎక్కడికీ వెళ్ళకు. ఇక్కడే ఉండు" అంటూ అమ్మమ్మ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషి అంత వేగంగా నడవడం నేను చూసి చాలా కాలమైంది.

ఆమె వాకిట్లో నిలబడింది. వంగి, ఎగ్గట్టిన చీర కుచ్చెళ్ళు కిందికి దించుకుంది. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది, మెడ తుడుచుకుంది. చెంబులో మిగిలిన నీళ్ళతో చేతులు కడుక్కుని, తడి చేత్తో జుట్టు వెనక్కి నిమురుకుంది. ముడి విప్పి మళ్ళీ గట్టిగా వేసుకుంది. తర్వాత గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.

లోపల అమ్మమ్మకి కాస్త ఆలస్యమైంది. ఖాళీగా ఇవ్వకూడదు కదా. కొత్త బియ్యం పోసి, ఈ రోజు కోసమే ఏనాడో కొని దాచిన నేత చీర, పసుపు కొమ్ములు, రెండు అరటిపళ్ళు పెట్టుకుని, బిందె నడుమున ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. మామయ్య కూతురు లేచి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. తనే మోసుకొచ్చి ఆమె ముందు దించింది.

"ఇదిగోనమ్మా. నీ సొమ్ము నీకు అప్పజెప్పాను. ఇక నేను నిశ్చింతగా పోతాను."

ఆమె బిందెని చూడలేదు. అమ్మమ్మ భుజం మీదుగా ఇంకా గుమ్మం వైపే చూస్తోంది.

"అమ్మాయేదండీ?"

"ఏ అమ్మాయమ్మా?"

అప్పుడు కిందికి చూసింది. చూసి, అక్కడే నేల మీద కూలబడింది. చెయ్యి పేరు దగ్గరికి పోలేదు, సొట్ట దగ్గరికి పోయింది. అరచెయ్యి సరిగ్గా దాన్లో ఆనించి చెప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు.

"పిల్లకి ఏడాది నిండలేదండి. బారసాలకి మా అన్న ఈ బిందె తెచ్చాడు, దాని పేరు కొట్టించి. మేం బుజ్జీ అనే పిలిచేవాళ్ళం. ఆ పేరు మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలవదు. ఆళ్ళెవరూ మిగల్లేదు. నీళ్ళొచ్చినప్పుడు ఎడం చేత్తో పిల్లని అదుముకున్నాను, కుడిచేత్తో ఈ బిందె బోర్లించి పట్టుకున్నాను. దీని మీదే తేలానండి రాత్రంతా. పిల్ల ఎప్పుడు జారిందో తెలవదు. తెల్లారి చూసుకుంటే ఈ ఊరి తూము కాడ ఉన్నాను. ఎడం చెయ్యి ఖాళీ. కుడిచేతిలో ఇది ఉంది. తూము గోడకేసి కొట్టి పారేసి పోయానండి."

అమ్మమ్మ బిందె అంచు పట్టుకుని మెల్లగా కూచుంది.

"పిల్ల శవం దొరకలేదండి. దొరకలేదు గనక ఎక్కడో ఉండే ఉంటదని ఒక ఆశ. మొన్న సంతలో ఎండుచేపలావిడ అడిగింది, ఈ పేరు మీ వైపు ఎవరికైనా ఉందా అని. ఫలానా ఊళ్ళో పెద్దావిడ ఎన్నో ఏళ్ళ నుంచి అడుగుతోంది, ఉప్పెనప్పటి సంగతంట అంది. ఏం సంగతో ఆవిడకీ తెలవదు. పెంచి పెద్దచేసి, కన్నవాళ్ళ కోసం అడుగుతున్నారనుకున్నానండి. ఊరికే వచ్చి అడిగితే ఏమనుకుంటారోనని మినుము తీతకి ముఠాలో కలిసి వచ్చాను. మూడు రోజుల నుంచి మీ వీధిలో ఆడపిల్లలందరి మొహాలూ చూస్తున్నాను."

అమ్మమ్మ ఏదో అనబోయింది. నోరు పెగల్లేదు. ఆమె బిందెలోంచి చీర తీసి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. పళ్ళు తీసి పక్కన పెట్టింది. తలగుడ్డ చుట్టుకుంటూ లేచింది.

"అప్పుడూ నా చేతికి బిందే మిగిలింది. ఇప్పుడూ బిందేనా అమ్మగారూ?"